చిన్నబోయిన కన్ను ఏం చెబుతుంది

తెలుగులో అందమైన కన్నంటే పెద్ద కన్నే. చారెడేసి కళ్లు అంటారు, కలువరేకులంటారు, ఆడపిల్లకు మీనాక్షి అని, విశాలాక్షి అని పేరు పెట్టుకుంటారు. విశాఖపట్నంలో విశాలాక్షినగర్ అని ఒక కాలనీయే ఉంది. కంటి సైజును ఇలా అందంతో ముడిపెట్టి చూసే అలవాటు వల్ల ఒక నష్టం జరుగుతోంది. ఇంట్లో ఒకరి కన్ను మునుపటి కంటే చిన్నదిగా కనిపిస్తే అది కూడా అందం లెక్కలోకే పోతుంది. నిద్ర చాలలేదేమో అంటారు, ఫోన్ ఎక్కువ చూస్తున్నావంటారు, పెళ్లి దగ్గర పడితే బ్యూటీ పార్లర్‌లో అడుగుతారు. కళ్ల డాక్టరు గుర్తుకొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ నెలల్లో కొన్ని జబ్బులు ముదిరిపోతాయి.

పుట్టుక నుంచీ కళ్లు చిన్నగా ఉండటం వేరు, ఉన్న కన్ను చిన్నదవడం వేరు. మొదటిది చాలామందికి తల్లిదో తండ్రిదో పోలిక. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి విశాఖలో దేశం నలుమూలల ముఖాలూ కనిపిస్తాయి. ఈశాన్య రాష్ట్రాల వారిలో చాలామందికి కంటి లోపలి మూల దగ్గర చర్మం మడత ఉంటుంది. దానివల్ల కళ్లు సన్నగా కనిపిస్తాయి గానీ చూపుకు ఏ లోటూ ఉండదు, వైద్యం అవసరమూ లేదు. రెండోది అలా కాదు. నిన్నటి దాకా ఒక తీరున ఉన్న కన్ను ఇవాళ చిన్నబోతే దానికి ఒక కారణం ఉండి తీరుతుంది. ఆ కారణం రెప్పలో ఉండొచ్చు, కంటి వెనక గూటిలో ఉండొచ్చు, మెడలో, ఛాతీలో, కిడ్నీలో, మెదడులోని ఒక రక్తనాళంలో కూడా ఉండొచ్చు.

ముందుగా తెలుసుకోవాల్సింది, ఎదుటివాళ్లకు కనిపించేది మొత్తం కనుగుడ్డు కాదని. కనిపించేది రెండు రెప్పల మధ్య ఉన్న సందు మాత్రమే. పెద్దవాళ్లలో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అద్దాల పవర్ మరీ ఎక్కువగా లేనివాళ్లలో ఈ కొలత మనిషికీ మనిషికీ పెద్దగా మారదు. చారెడేసి కళ్ల అమ్మాయికీ, చిన్న కళ్ల అమ్మాయికీ లోపలి గుడ్డు ఇంచుమించు ఒకటే. తేడా అంతా రెప్పల మధ్య సందులో ఉంటుంది. అది నిలువుగా 9 నుంచి 11 మిల్లీమీటర్లు, అడ్డంగా దాదాపు 30. పై రెప్ప నల్లగుడ్డును పైనుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర కప్పి ఉంటుంది. అది ఇంకో రెండు మిల్లీమీటర్లు కిందికి దిగితే చాలు, అంటే ఒక బియ్యపు గింజ మందం, ముఖం మారిపోయినట్టు కనిపిస్తుంది.

ఆ పై రెప్పను ఎత్తి పట్టుకునేవి రెండు కండరాలు. పెద్దది లివేటర్. మెదడు నుంచి వచ్చే మూడో నరం దాన్ని నడుపుతుంది. చిన్నది ముల్లర్ కండరం. భయపడినప్పుడు, ఉలిక్కిపడినప్పుడు మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాలే దాన్నీ చూసుకుంటాయి. అది రెప్పను ఎత్తేది రెండు మిల్లీమీటర్లే. ఈ రెండిటిలో ఏది బలహీనపడినా రెప్ప వాలిపోతుంది. డాక్టర్లు దీన్ని టోసిస్ అంటారు. కన్ను చిన్నదైందని వచ్చేవారిలో ఎక్కువమంది సంగతి ఇదే.

అద్దాలు చేసే మాయ

జబ్బుల్లోకి వెళ్లే ముందు ఒక తేలిక సంగతి. మైనస్ పవర్ అద్దాలు పెట్టుకున్నవారి కళ్లు ఎదుటివారికి చిన్నవిగా కనిపిస్తాయి. మైనస్ 8 పవర్ అద్దం వెనక కన్ను దాదాపు పదోవంతు తగ్గినట్టు ఉంటుంది. పల్చటి ఖరీదైన లెన్స్ వేయించుకుంటే ఈ తేడా పోతుందని చాలామంది అనుకుంటారు. లెన్స్ అంచు మందం తగ్గుతుంది కానీ పవర్ అదే కదా, కన్ను కుదించుకుపోయినట్టు కనిపించడం పెద్దగా తగ్గదు. ఫ్రేమ్ చిన్నదిగా, కంటికి దగ్గరగా ఉంటే కొంత నయం. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటే ఆ తేడా దాదాపు పూర్తిగా పోతుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది, అది తెలుసుకోదగ్గది. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్నవారి కనుగుడ్డు సాధారణంగా మామూలు కంటే పొడుగ్గా, పెద్దగా ఉంటుంది. నిజంగా చిన్న కనుగుడ్డుతో పుట్టినవారికి ఎక్కువ ప్లస్ పవర్ వస్తుంది. ప్లస్ అద్దాల వెనక కన్ను పెద్దదిగా కనిపిస్తుంది. అంటే అద్దాలతో చూసినప్పుడు పెద్ద గుడ్డు చిన్నదిగా, చిన్న గుడ్డు పెద్దదిగా కనబడుతుంది. కాబట్టి కన్ను చిన్నదైందో లేదో చూడాలంటే అద్దాలు తీసి చూడాలి. పాత ఫొటోతో పోల్చినా రెండిట్లోనూ అద్దాలు లేనివే పక్కపక్కన పెట్టాలి.

పసిపిల్లల రెప్ప

కొందరు పిల్లలు ఒక రెప్ప వాలిపోయి పుడతారు. లివేటర్ కండరం గర్భంలోనే సరిగా తయారు కాదు. కండరం ఉండాల్సిన చోట కొవ్వు, నారలాంటి పదార్థం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల అది పూర్తిగా ముడుచుకోలేదు, పూర్తిగా సాగనూ లేదు. ఆ పిల్లాడు పైకి చూసినప్పుడు రెప్ప లేవదు. కిందికి చూసినప్పుడు మాత్రం ఆ రెప్ప రెండోదాని కంటే పైన ఉండిపోతుంది. నిద్రలో ఆ కన్ను కాస్త తెరిచి ఉంటుంది. ఈ రెండు గుర్తులూ తల్లి కళ్లకే ముందు పడతాయి.

మరో అరుదైన రకం ఉంది. బిడ్డ పాలు తాగుతుంటే ప్రతి గుటకకూ వాలిన రెప్ప టపటపా పైకి లేస్తుంది. దవడను కదిలించే నరం, రెప్పను ఎత్తే నరం పుట్టుకలోనే ఒకదానితో ఒకటి కలిసిపోవడమే దీనికి కారణం. మార్కస్ గన్ అనే డాక్టరు 1883లో దీన్ని మొదటిసారి వివరించాడు. చూసినవాళ్లకు బిడ్డ కన్ను గీటుతున్నట్టు ముద్దుగా ఉంటుంది. దిష్టి అనుకునేవాళ్లూ ఉన్నారు. దీనికీ కంటి పరీక్ష చేయించాల్సిందే.

ఎందుకంటే ఇక్కడ పోయేది అందం ఒక్కటే కాదు. చూడటం అనేది మెదడు నేర్చుకునే విద్య. ఏడెనిమిదేళ్ల లోపు కంటిపాపకు ఎదురుగా రెప్ప అడ్డం ఉంటే మెదడు ఆ కంటి బొమ్మను వాడుకోవడం మానేస్తుంది. కన్ను ఆరోగ్యంగానే ఉన్నా చూపు మందగిస్తుంది. డాక్టర్లు లేజీ ఐ అనేది దీన్నే. పెద్దయ్యాక రెప్పను ఎంత అందంగా ఎత్తి కుట్టినా ఆ పోయిన చూపు చాలావరకు తిరిగిరాదు. రెప్ప కంటిపాపను కప్పకపోయినా, దాని బరువు నల్లగుడ్డు మీద ఒత్తిడి పెట్టి సిలిండర్ పవర్ తెప్పిస్తుంది. అది కూడా లేజీ ఐకి దారితీస్తుంది. సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఆపరేషన్ చేస్తారు. కంటిపాప పూర్తిగా మూసుకుపోతే అంతవరకు ఆగరు, నెలల వయసులోనే చేస్తారు. కండరం మరీ బలహీనమైతే నుదుటి కండరానికీ రెప్పకూ మధ్య ఒక పట్టీలాంటిది లోపలినుంచి కట్టి, కనుబొమ ఎత్తితే రెప్ప లేచేలా చేస్తారు.

గడ్డం పైకెత్తి చూసే పిల్లలను బడిలో టీచర్లు గుర్తుపట్టాలి. "తల దించి చూడరా" అని మందలిస్తే ఆ పిల్లాడికి దారే కనపడదు. అతను తల ఎత్తేది పొగరుతో కాదు, రెప్ప కింద మిగిలిన ఆ సన్నటి సందులోంచి చూడటానికి. ఒక రకంగా గడ్డం ఎత్తడం మంచి గుర్తు, ఆ కన్ను ఇంకా పనిలో ఉందని దానర్థం. ఒక కంటికే టోసిస్ ఉండి గడ్డం ఎత్తడం మానేసిన పిల్లాడి గురించే ఎక్కువ దిగులు పడాలి.

కాటుక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కళ్లు పెద్దవవుతాయని పురిటి బిడ్డకు కాటుక దిద్దడం ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పుట్టినప్పుడు సుమారు 17 మిల్లీమీటర్లు ఉండే కనుగుడ్డు మొదటి రెండేళ్లలో వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా తనంతట తానే పెరుగుతుంది. కాటుక దాన్ని ఒక్క పిసరు కూడా పెంచదు. వేలి మీది మురికి, కొన్ని కాటుకల్లో ఉండే సీసం మాత్రం పసికంటికి చేరతాయి. ప్రేమతో చేసే పనే అయినా దిష్టిచుక్క చెంపకో, పాదానికో పెడితే చాలు.

సాయంత్రానికి వాలే రెప్ప

పెద్దల్లో అన్నిటికంటే ఎక్కువ తప్పుగా అర్థమయ్యే జబ్బు మయస్తీనియా గ్రేవిస్. పొద్దున లేచేసరికి రెండు కళ్లూ బాగానే ఉంటాయి. మధ్యాహ్నం నుంచి ఒక రెప్ప బరువెక్కుతుంది. సాయంత్రం ఆఫీసు బస్సు దిగేసరికి కన్ను సగం మూసుకుపోతుంది. ఒక్కోసారి ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. రాత్రి పడుకుని లేస్తే మళ్లీ మామూలే. ఈ వారం కుడి కన్ను, ఇంకో నెలకు ఎడమ కన్ను. వినేవారికి ఇదంతా అలసటలాగే ఉంటుంది, టెన్షన్ అని, నిద్రలేమి అని సర్దిచెప్పేస్తారు.

లోపల జరిగేది వేరు. నరం చివర నుంచి కండరానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా కబురు అందుతుంది. కండరం మీద ఆ కబురు అందుకునే చోట్లను శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున దెబ్బతీస్తుంది. మొదటి కొన్ని కబుర్లు అందుతాయి. పని ఎక్కువైన కొద్దీ అందడం తగ్గిపోతుంది. రోజంతా ఎత్తి ఉండాల్సిన రెప్పకే ఆ లోటు ముందు తెలుస్తుంది. అందుకే ఈ జబ్బు దాదాపు సగం మందిలో మొదట కంటి దగ్గరే బయటపడుతుంది. వారిలో చాలామందికి రెండేళ్ల లోపు ఒంట్లోని మిగతా కండరాలకు పాకుతుంది. నమలడం, మింగడం కష్టమవుతుంది, మాట ముక్కుతో పలికినట్టు వస్తుంది. ఊపిరి కండరాలకు పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టర్లు దీన్ని పట్టుకునే తొలి పరీక్షలు చాలా సులువైనవి. ఒక నిమిషం పాటు పైకి చూడమంటారు, రెప్ప మెల్లగా జారిపోతుంటే అనుమానం బలపడుతుంది. చేతి తొడుగులో ఐస్ ముక్కలు వేసి మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు పెడతారు. తీశాక రెప్ప రెండు మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో లేస్తే ఇది ఆ జబ్బే కావచ్చు. చలువకు ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ నెమ్మదిస్తుంది, ఉన్న రసాయనం ఇంకాస్త సేపు నిలుస్తుంది. రెప్పకు కాసేపు బలం వస్తుంది. తర్వాత రక్తంలో యాంటీబాడీల పరీక్ష, నరాల పరీక్ష, ఛాతీకి సీటీ స్కాన్ ఉంటాయి. ఛాతీ స్కాన్ ఎందుకంటే, కొందరిలో గుండెకు ముందు భాగంలో ఉండే థైమస్ గ్రంథిలో కణితి దొరుకుతుంది. మందులతో ఈ జబ్బు బాగా అదుపులోకి వస్తుంది. అయితే కొన్ని యాంటీబయాటిక్‌లు, నీటికాసులకు (గ్లకోమాకు) వేసే టిమోలాల్ చుక్కలు దీన్ని పెంచుతాయి. ఈ జబ్బు ఉన్నవారు జ్వరానికి మందు రాయించుకునేటప్పుడు కూడా ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

కొన్ని రెప్పలు వారం ఆగనివ్వవు. ఉన్నట్టుండి ఒక రెప్ప పూర్తిగా పడిపోయి, ఎత్తి చూస్తే కనుగుడ్డు బయటి వైపుకు, కిందికి తిరిగి, కంటిపాప రెండో కంటి కంటే పెద్దదిగా ఉంటే మూడో నరం దెబ్బతిన్నదన్నమాట. తలనొప్పి కూడా ఉంటే మెదడులోని రక్తనాళం ఒకటి బుడగలా ఉబ్బి ఆ నరాన్ని నొక్కుతుండొచ్చు. ఆ బుడగ చిట్లితే మనిషి దక్కడం కష్టం. షుగర్ ఉన్నవారికి కూడా మూడో నరం పక్షవాతం వస్తుంది. వారిలో సాధారణంగా కంటిపాప మామూలుగానే ఉంటుంది, దాదాపు మూడు నెలల్లో చాలావరకు కోలుకుంటారు. అయితే ఇది షుగర్ వల్లనా, రక్తనాళం వల్లనా అన్నది ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. అది స్కాన్ ఉన్న చోట, డాక్టరు తేల్చాలి.

దీనికి ఉల్టాగా ఉండేది హార్నర్ సిండ్రోమ్. 1869లో స్విట్జర్లాండ్ కళ్ల డాక్టరు హార్నర్ దీన్ని వివరించాడు. ముల్లర్ కండరాన్ని నడిపే నరాలు మెదడు నుంచి బయలుదేరి, వెన్నులోకి దిగి, ఊపిరితిత్తి కొన మీదుగా వెళ్లి, మెడలోని పెద్ద రక్తనాళాన్ని పట్టుకుని తిరిగి కంటికి ఎక్కుతాయి. ఇంత పొడుగు దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు వాలుతుంది. కింది రెప్ప కూడా కాస్త పైకి వస్తుంది కాబట్టి పైనుంచీ కిందినుంచీ సందు తగ్గి కన్ను లోపలికి పోయినట్టు ఉంటుంది. కంటిపాప చిన్నదవుతుంది, వెలుతురు తక్కువ ఉన్న గదిలో ఆ తేడా బాగా తెలుస్తుంది. మెడ నొప్పితో పాటు ఇది కొత్తగా వస్తే మెడలోని రక్తనాళం లోపలి పొర చీలి ఉండొచ్చు, పక్షవాతానికి అది ముందస్తు హెచ్చరిక. పొగ తాగేవారిలో భుజం నొప్పి, చేతి బలహీనతతో వస్తే ఊపిరితిత్తి కొనలో క్యాన్సర్ ఉందేమో చూస్తారు. రెండు మిల్లీమీటర్ల రెప్ప వెనక ఇంత ఉండొచ్చని ఎవరికీ తట్టదు.

ఇక ఉత్తరాంధ్ర పల్లెలకు తప్పకుండా తెలియాల్సింది కట్లపాము కాటు. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, కోరల గుర్తు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, ఆ తర్వాత రెండు రెప్పలూ బరువెక్కి వాలిపోవడం. చూసేవారికి ఇంకా నిద్రమత్తు వదల్లేదనిపిస్తుంది. నాగుపాము విషం కూడా రెప్పల్నే ముందు పడేస్తుంది గానీ అక్కడ కాటు నొప్పీ వాపూ తెలుస్తాయి. రెప్పల తర్వాత వంతు మింగడానిది, ఆ తర్వాత ఊపిరిది. కారణం తెలియకుండా పొద్దున్నే రెండు రెప్పలూ వాలిపోయిన పిల్లను మంత్రం వేసేవాడి దగ్గరికి కాక, దగ్గరున్న పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి, 108కి ఫోన్ చేయాలి. పాడేరు, అరకు కొండల నుంచి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) చేరడానికి గంటలు పడుతుంది. విషం విరుగుడు ఇంజక్షన్ దగ్గరి ఆసుపత్రిలోనే మొదలైతే ఆ గంటలు కలిసొస్తాయి.

వయసుతో వచ్చేది

యాభై అరవై దాటాక రెప్పలు కొంత వాలడం చాలామందిలో ఉంటుంది. లివేటర్ కండరం బాగానే ఉంటుంది కానీ దాన్ని రెప్పకు కలిపే పల్చటి పట్టీ సాగిపోతుంది, లేదా ఊడి జారుతుంది. ఏళ్ల తరబడి కాంటాక్ట్ లెన్స్ వాడినవారిలో, ఎలర్జీతో కళ్లు గట్టిగా నులుముకునేవారిలో ఇది ముందే వస్తుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత కూడా కొందరిలో కనిపిస్తుంది. ఇంకొందరికి రెప్ప సరిగానే ఉన్నా, దాని మీది చర్మం వదులై పరదాలా కంటి మీద పడుతుంది. వీళ్లు తెలియకుండానే కనుబొమలు ఎత్తి చూస్తారు, నుదుటి మీద గీతలు పడతాయి, సాయంత్రానికి తల బరువెక్కుతుంది. పై వైపు చూపు తగ్గుతుంది. బస్టాప్‌లో నిలబడి బస్సు మీది బోర్డు చదవాలంటే గడ్డం ఎత్తాల్సి వస్తుంది. "వయసు కదా" అని పెద్దలను ఇలాగే వదిలేయడం అన్యాయం. ఇది చిన్న ఆపరేషన్‌తో బాగయ్యేది, చూపు మెరుగుపడేది.

కన్ను లోతుకు పోతే

రెప్ప తిన్నగా ఉన్నా కన్ను చిన్నబోవచ్చు. కనుగుడ్డు గూటిలో వెనక్కి జరిగితే దాని మీది రెప్పకు ఆధారం తగ్గి సందు ఇరుకవుతుంది. విరేచనాలతో నీరసపడిన పిల్లల కళ్లు లోతుకు పోవడం ప్రతి తల్లికీ తెలిసిన గుర్తే. దానికి ఓఆర్ఎస్, ఆసుపత్రి. బాగా చిక్కినవారిలో కంటి చుట్టూ ఉన్న కొవ్వు కరిగి కళ్లు పీక్కుపోతాయి.

ఒక్క కన్నే లోతుకు పోతే ముందు దెబ్బ సంగతి అడగాలి. బైక్ మీద నుంచి పడటం, బీచ్‌లో క్రికెట్ ఆడుతుంటే కంటికి బంతి తగలడం. కనుగుడ్డు కింద ఉన్న ఎముక కాగితంలా పల్చగా ఉంటుంది, అది విరిగి కంటి చుట్టూ ఉన్న కొవ్వు కిందికి జారుతుంది. మొదటి రోజుల్లో వాపు ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. రెండు వారాలకు వాపు తీశాక కన్ను లోపలికి పోయినట్టు కనపడుతుంది, పైకి చూస్తే రెండుగా కనిపిస్తుంది. పిల్లల్లో ఇంకో ప్రమాదం ఉంది. విరిగిన ఎముక తలుపులా తిరిగి మూసుకుని కంటి కండరం అందులో ఇరుక్కుంటుంది. కన్ను ఎర్రబడదు, పిల్లాడు మాత్రం వాంతులు చేసుకుంటూ, పైకి చూడలేక మూలుగుతుంటాడు. ఇది ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయాల్సినది.

నీటికాసుల రోగులకు ఒక మాట. లటానోప్రాస్ట్, బైమాటోప్రాస్ట్ లాంటి చుక్కలు ఏళ్ల తరబడి వేసుకుంటే కంటి చుట్టూ కొవ్వు తగ్గి, రెప్ప పైన గుంట పడి కన్ను లోతుగా కనిపించవచ్చు. ఒక కంటికే వేసుకుంటే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. రెప్ప వెంట్రుకలు పొడుగ్గా, నల్లగా పెరుగుతాయి. దీనికి భయపడి చుక్కలు మానేస్తే అసలు చూపే పోతుంది. డాక్టరుతో చెబితే మందు మార్చే వీలుంటుంది, మార్చాక గుంట కొంతవరకు పూడుతుంది.

ఉబ్బిన రెప్పలు కూడా కంటిని చిన్నది చేస్తాయి. పొద్దున లేవగానే పిల్లవాడి రెండు కళ్లూ ఉబ్బి సన్నబడి, మధ్యాహ్నానికి తగ్గి, మూత్రం నురగగా వస్తుంటే మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో పరీక్ష చేయించాలి. దీన్ని కంటి ఎలర్జీ అనుకుని చుక్కలు వేస్తూ కూర్చోవడం తరచుగా జరిగే పొరపాటు. ఇక్కడే ఒక జాగ్రత్త. శ్రీకాకుళం ఉద్దానంలో కనిపించే తరహా కిడ్నీ జబ్బులో ప్రోటీన్ పెద్దగా పోదు, కళ్ల వాపు రాకపోవచ్చు. కళ్లు ఉబ్బలేదు కాబట్టి కిడ్నీలు బాగున్నాయనుకోవడానికి లేదు, ఆ ప్రాంతం వారు క్రియాటినిన్ పరీక్ష మానకూడదు. థైరాయిడ్ తగ్గినవారిలోనూ రెప్పలు మెత్తగా ఉబ్బుతాయి. జ్వరంతో ఒక కన్ను ఎర్రగా ఉబ్బి, నొప్పితో తిప్పలేకపోతే అది గూటిలోకి పాకిన ఇన్ఫెక్షన్, ఆ పూటే ఆసుపత్రిలో చేర్చాలి.

థైరాయిడ్ ఎక్కువైనవారిలో సంగతి తిరగబడుతుంది. ఒక కన్ను ముందుకు పొడుచుకొచ్చి పెద్దదైతే, బాగున్న రెండో కన్ను చిన్నదైనట్టు అనిపిస్తుంది. చిన్నదైన కన్ను చూపించుకోవడానికి వచ్చినవారికి అసలు జబ్బు పెద్ద కంటిలో దొరుకుతుంది. మూతి వంకరపోయి కోలుకున్నవారిలో మరొక తీరు. తిరిగి పెరిగిన నరం దారి తప్పడం వల్ల నవ్వినప్పుడు, నమిలినప్పుడు ఆ వైపు కన్ను సగం మూసుకుంటుంది.

గుడ్డే చిన్నదైతే

నిజంగా కనుగుడ్డే చిన్నది కావడం అరుదు. గర్భంలో ఎదుగుదల ఆగి చిన్న కన్నుతో పుట్టేవారున్నారు. జన్యువులు ఒక కారణం. గర్భం మొదటి నెలల్లో తల్లికి వచ్చే రూబెల్లా మరొకటి. ఆ జ్వరం పుట్టబోయే బిడ్డ కళ్లను దెబ్బతీస్తుందని 1941లో ఆస్ట్రేలియా కళ్ల డాక్టరు నార్మన్ గ్రెగ్ గుర్తించాడు. ఇప్పుడు మన దగ్గర పిల్లలకు 9 నెలలకు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య వేసే ఎంఆర్ టీకా తట్టుతో పాటు దీన్నీ ఆపుతుంది.

కొందరిలో కన్ను అన్ని విధాలా సరిగ్గా తయారై, కొలతలో మాత్రం 20 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. దీని కొన్ని రకాలు మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో కనిపిస్తాయి. చిన్న గుడ్డు లోపల మామూలు సైజు కంటి లెన్స్ ఇరుక్కుని ఉండటంతో, వయసు పెరిగే కొద్దీ లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరగొచ్చు. తలనొప్పి, వాంతి, దీపం చుట్టూ రంగుల వలయాలు. ఎక్కువ ప్లస్ పవర్ ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే వాళ్ల తోబుట్టువులు, పిల్లలు కూడా కంటి ప్రెషర్ చూపించుకోవాలి. ఇంకో వంశపారంపర్య జబ్బులో గుడ్డు బాగున్నా రెప్పల సందు అడ్డంగానూ నిలువుగానూ ఇరుగ్గా ఉంటుంది. ఇందులో ఒక రకంలో ఆడవారికి నెలసరి చాలా ముందుగా ఆగిపోతుంది. అలాంటి కుటుంబంలో ఆడపిల్లకు రెప్పల ఆపరేషన్‌తో పాటు ఆ సంగతీ పెద్ద డాక్టరుతో మాట్లాడాలి.

బాగున్న కన్ను తర్వాతి కాలంలో కుంచించుకుపోవడం కూడా ఉంది. ఆటోనగర్ షెడ్లలో గ్రైండింగ్ చేస్తుంటే ఎగిరిన ఇనుప రజను, దీపావళి టపాకాయ, పిల్లల ఆటలో పుల్ల. దెబ్బ తర్వాత చూపు పోయిన కన్ను నెలల్లో, ఏళ్లలో లోపలి ప్రెషర్ కోల్పోయి ముడుచుకుపోతుంది. అలాంటి కంటి మీద పల్చటి కృత్రిమ కన్ను అమర్చవచ్చు, చాలామందికి ముఖం తిరిగి వస్తుంది. చూపు మాత్రం రాదు. గ్రైండింగ్ మెషిన్ పక్కన కళ్లజోడు ఉండి కూడా ఉక్కగా ఉందని తీసేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

విశాఖలో చూపించుకోవడానికి చోట్లకు కొదవ లేదు. వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, నరాల సంగతైతే కేజీహెచ్ ఉంది. రెప్పల ఆపరేషన్లు చేసే డాక్టర్లను ఆక్యులోప్లాస్టీ నిపుణులంటారు, అడిగి వారికే చూపించుకోవడం మంచిది. వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సినవి ఫొటోలు. ఆధార్ కార్డు ఫొటో, పెళ్లి ఆల్బమ్, పదేళ్ల కిందటి గ్రూప్ ఫొటో, ఏదైనా సరే. అందులో కూడా రెప్ప వాలి ఉంటే ఇది పాతదని సగం తేలిపోతుంది. ఇప్పటివి కూడా కావాలి. అద్దాలు తీసి, ఫోన్‌ను కళ్లకు సమానంగా పట్టుకుని, అదే గదిలో అదే వెలుతురులో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, వారం రోజులు. ఓపీ పొద్దున్నే మొదలవుతుంది, రాత్రంతా నిద్రపోయి వచ్చిన రెప్ప ఆ వేళకు చక్కగా నిలబడి ఉంటుంది. అది సాయంత్రం ఏడింటికి ఎంత కిందికి దిగుతుందో డాక్టరుకు చూపించగలిగేది ఆ ఫోన్‌లోని బొమ్మే.